గోషెన్‌లో చరిత్ర, మెడోలాండ్స్‌లో పందెం: హార్నెస్ రేసులు ఎక్కడ చూడాలి?

మలక్‌పేట రేసులు చూసినవాళ్లకు హార్నెస్ రేసు మొదట తికమకగానే ఉంటుంది. గుర్రం మీద జాకీ ఉండడు. వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలిక బండి, అందులో కాళ్లు చాపుకుని కూర్చున్న డ్రైవరు. పైగా గుర్రం దౌడు తీయకూడదు! ట్రాటర్ అనే రకం అయితే ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిపి వేయాలి. పేసర్ అనే రకం ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తుంది. దౌడులోకి జారిన గుర్రాన్ని డ్రైవరు దారి చూసుకుని పక్కకు తీసి మళ్లీ సరైన అడుగులో పెట్టాలి. ఈలోగా మిగతావి వెళ్లిపోతాయి. ట్రాటర్ల పందెంలో ఫేవరెట్ మీద కట్టిన డబ్బు మొదటి మలుపులోనే గల్లంతయ్యేది చాలాసార్లు ఇలాగే. పేసర్ల కాళ్లకు హాబుల్స్ అనే పట్టీలుంటాయి కాబట్టి అవి తప్పడం తక్కువ.

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు అందుబాటులో రెండు ట్రాకులున్నాయి. ఒకదానికి వెళ్లి రెండోదాని అనుభవం ఆశిస్తే నిరాశే.

న్యూయార్క్ రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలోని గోషెన్ హిస్టారిక్ ట్రాక్ 1838 నాటిది. 1966లో జాతీయ చారిత్రక స్థలమైంది. అర మైలు చుట్టు కాబట్టి మైలు పందేనికి రెండు చుట్లు, నాలుగు మలుపులు. ప్రేక్షకులు కూర్చునే స్టాండు ముందు నుంచి గుర్రాలు పదేపదే వెళ్తాయి; కాళ్ల కదలిక అర్థం కావాలంటే ఇదే సరైన చోటు. మలుపులు ఎక్కువ గనుక లోపలి వరుసలో బయలుదేరిన గుర్రానికి మేలు. బయటి వరుసలో పడ్డది ప్రతి మలుపులోనూ ఎక్కువ దూరం పరుగెత్తాలి.

పెద్ద పందేలు జులై 4 సెలవుల చుట్టూ జరుగుతాయి. పందెం కట్టే కౌంటర్లు ఉండవు, గుర్రాలను చూడటానికే వెళ్లాలి. మిగతా రోజుల్లో ఉదయం శిక్షణ చూడొచ్చు. నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించేటప్పుడు గుర్రాలు గడియారం ముల్లు తిరిగే దిక్కున వెళ్తాయి, వేగంగా తోలేటప్పుడు దానికి ఎదురు దిక్కున. ఇది తెలియక ఒకవైపే చూసి ట్రాకు దాటబోతే ప్రమాదం. అడగకుండా కంచె దాటొద్దు, పిల్లల చేయి వదలొద్దు.

పక్కనే ఒకప్పటి గుర్రపుశాలలో హార్నెస్ రేసింగ్ మ్యూజియం ఉంది. రెండు గంటలు కేటాయించండి. ఈ ప్రాంతంలోనే 1849లో పుట్టిన హాంబుల్టోనియన్ అనే గుర్రాన్ని విలియం రిస్‌డిక్ తల్లితో సహా 125 డాలర్లకు కొన్నాడు. 1876లో చనిపోయేలోగా దానికి 1,331 పిల్లలు. హార్నెస్ రేసుల్లో పరుగెత్తే జాతి, నేటి అమెరికన్ స్టాండర్డ్‌బ్రెడ్ గుర్రాలు దాదాపు అన్నిటి వంశమూ దాని దగ్గరికే చేరుతుంది. దాని పేరిట 1926లో మొదలైన మూడేళ్ల వయసు ట్రాటర్ల పందెం 1930 నుంచి 1956 దాకా, ఒక్క 1943లో తప్ప, గోషెన్‌లోనే జరిగింది. అయితే ఈ ట్రాకులో కాదు, ఊళ్లోనే ఉన్న గుడ్ టైమ్ పార్క్ అనే మూడు మూలల మైలు ట్రాకులో. 1935లో అక్కడే గ్రేహౌండ్ అనే బూడిదరంగు గుర్రం గెలిచింది. గుడ్ టైమ్ పార్కులో ఇప్పుడు పందేలు లేవు, వెతుక్కుంటూ వెళ్లినా లాభం లేదు.

ఆ హాంబుల్టోనియన్ పందెం తర్వాత ఇల్లినాయ్‌లోని డుకోయిన్‌కు వెళ్లి, 1981 నుంచి న్యూజెర్సీ మెడోలాండ్స్‌లో స్థిరపడింది. ఆగస్టు మొదటి శనివారం. 1976లో తెరిచిన ఈ మైలు ట్రాకుకు 2013లో కొత్త స్టాండు కట్టారు. ఇక్కడ రెండే మలుపులు, చివర పొడవైన నేరుదారి. వెనకబడ్డ గుర్రం కూడా పుంజుకుని గెలవగలదు. కానీ అవతలి వైపు జరిగేది కంటికి ఆనదు, తెర మీద చూడాల్సిందే. బైనాక్యులర్లు తీసుకెళ్లండి. గుర్రాలు కదిలే కారు వెనక రెక్కల్లాంటి గేటు పట్టుకుని వరసగా వస్తాయి, గేటు ముడుచుకోగానే పందెం మొదలు. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. పందేనికీ పందేనికీ మధ్య ఎదురుచూపే ఎక్కువ, చిన్నపిల్లలు మొదట విసిగేది అప్పుడే. గుర్రాల మీద పందెం కట్టడానికి 18 ఏళ్లు నిండాలి, స్పోర్ట్స్ బెట్టింగుకు 21. కొత్తవాళ్లు "విన్" (మొదటి స్థానం), "ప్లేస్" (మొదటి రెండింటిలో ఒకటి), "షో" (మొదటి మూడింటిలో ఒకటి) దగ్గరే ఆగడం మంచిది.

దారి విషయంలో గోషెన్‌కు కారే మేలు. రైల్లో వెళ్తే క్యాంప్‌బెల్ హాల్‌లో దిగి మళ్లీ టాక్సీ వెతుక్కోవాలి, అక్కడ అది సులువు కాదు. వారాంతాల్లో హారిమన్ దగ్గర, వుడ్‌బరీ కామన్ అనే షాపింగ్ కేంద్రానికి వెళ్లే కార్లతో దారి బిగుసుకుపోతుంది, ఉదయమే దాటేయండి. గోషెన్‌లో బస తక్కువ. 2021లో తెరిచిన లెగోల్యాండ్ అనే వినోద పార్కుకు సొంత హోటల్ ఉంది గానీ వేసవిలో ఖరీదు. దగ్గర్లోని మిడిల్‌టౌన్‌లో గది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. మెడోలాండ్స్‌కైతే బస అక్కర్లేదు, ఎడిసన్ నుంచి రద్దీ లేకపోతే ముప్పావు గంట. పక్కనున్న మెట్‌లైఫ్ స్టేడియంలో మ్యాచో కచేరీయో ఉన్న రోజున మాత్రం పార్కింగూ హోటల్ ధరలూ మారిపోతాయి. అక్కడి రైలు కూడా అలాంటి రోజుల్లోనే నడుస్తుంది, రేసుల కోసం కాదు. శాకాహారులకు రెండు చోట్లా పిజ్జా, వేపుళ్లకు మించి ఆశ పెట్టుకోవద్దు. పులిహోర డబ్బా కారులో ఉంచుకోండి.

ఒక్కచోటికే వీలుంటే జులైలో గోషెన్‌కే మా ఓటు. హాంబుల్టోనియన్ రోజే కావాలంటే మధ్యాహ్నానికి ముందే మెడోలాండ్స్ చేరి, ముగింపు గీత దగ్గర కంచె పక్కన నిలబడండి. ఆలస్యమైతే ముందు వరస దొరకదు.