పంపరపనస మేలా, గ్రేప్‌ఫ్రూట్ మేలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు రెండు రకాలు. రెండు పండ్లూ తిని చూసి, ఏది తెచ్చుకోవాలో తేలక అడిగేవాళ్ళు కొందరు. రెండూ ఒకటేనేమో, పేర్లే వేరేమో అన్న అనుమానంతో అడిగేవాళ్ళు మిగతావాళ్ళు. ఈ రెండో రకమే ఎక్కువ. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మందుల గురించీ బరువు తగ్గడం గురించీ తెలుగులోకి దిగుమతయ్యే వ్యాసాల్లో గ్రేప్‌ఫ్రూట్ అని ఉన్నచోట పంపరపనస అని రాసేస్తుంటారు. ఇంకా హుషారైనవాళ్ళు దాన్ని ద్రాక్షపండు చేసేస్తారు. చదివేవాళ్ళు ఏం చేస్తారు పాపం!

అసలు ఈ పండు పేరు ఏ భాషలోనూ కుదురుగా లేదు. ఇంగ్లీషులో పొమెలో అంటే పంపరపనస, స్పానిష్‌లో పొమెలో అంటే గ్రేప్‌ఫ్రూట్. ఫ్రెంచివాళ్ళ పాంప్లెమూస్ శాస్త్రం ప్రకారం పంపరపనసే అయినా, మాటల్లో మాత్రం గ్రేప్‌ఫ్రూట్‌నే అలా పిలుస్తారు. డచ్చివాళ్ళది పొంపెల్‌మూస్. మన పంపరపనస ఆ మాటకి చుట్టమేనని నా నమ్మకం. ఓడల్లో వచ్చిన మాటని నోరు తిరగక మనకి తెలిసిన పనసలో కలిపేసుకుని ఉంటాం. పనసకీ దీనికీ ఇంకే సంబంధమూ లేదు.

చుట్టరికం మాట కూడా ఇక్కడే తేల్చేస్తాను. పంపరపనస ఆగ్నేయాసియా పండు. సిట్రస్ కుటుంబానికి మూలపురుషులని చెప్పుకునే కొద్ది జాతుల్లో అదొకటి. గ్రేప్‌ఫ్రూట్ నిన్నగాక మొన్నటిది. కరీబియన్ దీవుల్లో పంపరపనసకీ నారింజకీ తనంతట తాను జరిగిన సంకరంలో పుట్టింది. 1750లో గ్రిఫిత్ హ్యూస్ అనే ఆయన బార్బడోస్‌లో కాసే 'నిషిద్ధ ఫలం' గురించి రాశాడు, అది ఇదేనంటారు. చెట్టుకి ద్రాక్షల్లా గుత్తులుగా వేలాడుతుందని తర్వాత ఈ పేరొచ్చింది. అంటే ఒకటి తల్లి, ఒకటి పిల్ల. పోలికలు ఉండవా మరి?

ఇక అసలు సంగతి. ఏది మేలో తేల్చేది తీపి కాదు, రంగు కాదు, విటమిన్లు అంతకన్నా కాదు. తొన మీద ఉండే పొర.

పోయిన వారం రెండూ ఒకేసారి ఇంటికి తెచ్చాను, పక్కపక్కన పెట్టి తిందామని. ముందు పంపరపనస. తొడిమ వైపు టోపీలా ఒక చెక్క కోసేసి, పై నుంచి కిందికి నాలుగైదు గాట్లు పెట్టాను. గాటు తొక్కలోకే దిగాలి, తొనకి తగలకూడదు. తర్వాత బొటనవేళ్ళు దూర్చి లాగితే తొక్కా, దాని వెనకున్న తెల్లటి దూదీ పువ్వు విచ్చినట్టు విడివడ్డాయి. ఆ దూది బొటనవేలు మందం ఉంది. లోపలి ఉండని రెండుగా చీల్చి ఒక తొన విడదీశాను. తొన వీపు మీద పొరని గోటితో గిల్లి లాగితే చిన్న చప్పుడుతో, తోలు ఊడినట్టు మొత్తంగా వచ్చేసింది. లోపలున్నవి రసం నిండిన సన్నటి తిత్తులు. ఒక్కొక్కటీ వరిగింజంత పొడుగు, కొన్ని ఇంకా పెద్దవి. చేతికి తడి అంటలేదు. తిత్తులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతాయి గానీ పగలవు. నోట్లో వేసుకుని కొరికినప్పుడే పగులుతాయి.

తర్వాత గ్రేప్‌ఫ్రూట్‌ని కూడా అలాగే ఒలవబోయాను. తొక్క బాగానే వచ్చింది. పొర దగ్గర ఆగిపోయింది. పలచగా ఉంది, తొనకి అతుక్కుని ఉంది, లాగితే తొన కూడా చీలి వచ్చేస్తోంది. మూడో తొనకల్లా మోచేతి దాకా రసం. గిన్నెలో పడింది గుజ్జూ కాదు, తొనా కాదు.

దీన్నే ఎందుకింత పట్టుకు వేలాడుతున్నానంటే, ఈ రెండు పండ్లలోనూ చేదంతా ఉండేది ఎక్కువగా ఆ పొరలోనూ దాని మీది దూదిలోనూ. నారింజిన్ అని ఒక పదార్థం. పంపరపనసలో చేదు లేక కాదు, బోలెడుంది. కానీ దాన్ని చేత్తో తీసి పక్కన పారెయ్యొచ్చు. తీసేశాక మిగిలేది తీపీ, సన్నటి పులుపూ, ఎక్కడో వెనక చిన్న వగరు. గ్రేప్‌ఫ్రూట్‌లో ఆ వీలు లేదు. చేదు తనతోపాటే వస్తుంది. ఆ చేదు ఇష్టపడేవాళ్ళున్నారు, కాదనను. ఇష్టం లేనివాళ్ళకి మాత్రం తప్పించుకునే దారి లేదు. పంపరపనస చేదుగా ఉందని పారేసినవాళ్ళని కనుక్కుంటే, నూటికి తొంభైమంది దాన్ని బత్తాయిలా పొరతో తిన్నవాళ్ళే అయ్యుంటారు.

నేనూ ఒకప్పుడు ఆ బాపతే. ఇంటికి నలుగురొస్తే ఒక్కొక్క తొనా ఎవరు ఒలుస్తారని, పంపరపనస తొనల్ని పొరలతో సహా మిక్సీలో తిప్పేశాను. రంగు చూస్తే లేత గులాబీ, అద్దంలా ఉంది. మొదటి గుక్క తాగిన మనిషి మొహం చూసి గ్లాసులన్నీ వెనక్కి తీసుకున్నాను. చక్కెర వేశాను, తేనె వేశాను, ఉప్పు కూడా వేశాను. పొర నలిగి చేదు రసంలోకి దిగాక ఇక ఏం వేసినా లాభం లేదు.

అందుకని రసం కావాలంటే గ్రేప్‌ఫ్రూటే. ఇక్కడ దానికి పోటీ లేదు. అడ్డంగా రెండు చెక్కలు కోసి, పిండే దాని మీద పెట్టి తిప్పితే పొరలు చెక్కలోనే ఉండిపోతాయి, రసం దిగిపోతుంది. చేదు కొద్దిగా వస్తుంది, అదే దాని రుచి. లేదా ఆ చెక్కనే గిన్నెలా చేతిలో పట్టుకుని, పొరకీ పొరకీ మధ్య కత్తి మొన తిప్పి చెంచాతో తినొచ్చు. రెండు నిమిషాల పని. పంపరపనస ఒలవడానికి పావుగంట పడుతుంది. పొద్దున హడావిడిగా బయటికి పరిగెత్తేవాళ్ళకి నేను పంపరపనస చెప్పను. వాసనలో కూడా గ్రేప్‌ఫ్రూట్‌దే పైచేయి. నూట్‌కటోన్ అనే నూనె పదార్థం వల్ల కోయగానే గది నిండుతుంది. పంపరపనస వాసన మెత్తనిది, దగ్గరికి తీసుకుంటే గానీ తెలియదు.

కూరల్లాంటి వాటిలో, సలాడ్‌లో వెయ్యాలంటే మళ్ళీ పంపరపనస. తిత్తులు విడివిడిగా నిలబడతాయి, అరగంటైనా నీరు కారవు. గ్రేప్‌ఫ్రూట్ వేస్తే పది నిమిషాల్లో అడుగున చెరువు.

పోషకాల గురించి అడక్క మానరు కాబట్టి రెండు ముక్కలు. విటమిన్ సి పంపరపనసలో 100 గ్రాములకి సుమారు 61 మిల్లీగ్రాములు, గ్రేప్‌ఫ్రూట్‌లో 30 నుంచి 35. కేలరీలు రెంటిలోనూ 40కి అటూ ఇటూ. గ్రేప్‌ఫ్రూట్ కొవ్వు కరిగిస్తుందన్న మాట నమ్మకండి. ఏ పండూ కరిగించదు.

దీనికంటే వంద రెట్లు ముఖ్యమైన సంగతి మందులది. మా పిన్ని ఒకసారి అడిగింది: "డాక్టరుగారు గ్రేప్‌ఫ్రూట్ తినొద్దన్నారు గానీ పంపరపనస మాట ఎత్తలేదు కదరా, తినొచ్చా?" ఆమెకి తిననివ్వలేదు. ఎందుకో చెబుతాను.

కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందు మీద మద్యం ప్రభావం ఎంతో చూడాలనుకుంది. తాగేవాళ్ళకి మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. చూస్తే రక్తంలో మందు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఉంది. ఆరా తీస్తే కారణం మద్యం కాదు, రసం! 1989లో బయటపడ్డ సంగతి ఇది. పేగు గోడలో సీవైపీ3ఏ4 అని ఒక ఎంజైమ్ ఉంటుంది. మనం మింగిన కొన్ని మందుల్లో కొంత భాగాన్ని రక్తంలోకి చేరకముందే అది విరగ్గొట్టేస్తుంది. డాక్టర్లు మోతాదు రాసేటప్పుడు ఆ తరుగుని కూడా లెక్కలో వేసుకునే రాస్తారు. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమ్‌ని పనికి రాకుండా చేసేస్తాయి. తరుగు ఆగిపోయి, ఒక మాత్ర వేసుకుంటే రెండు మూడు వేసుకున్నట్టవుతుంది. పొద్దున పండు తిని రాత్రి మాత్ర వేసుకుంటే సరిపోతుందిలే అనుకోవడానికీ లేదు. చెడిపోయిన ఎంజైమ్ బాగుపడదు, కొత్తది పుట్టాలి. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

మరి ఈ ఫ్యూరానోకౌమరిన్లు గ్రేప్‌ఫ్రూట్‌కి ఎక్కడ నుంచి వచ్చాయి? కన్నవాళ్ళలో ఒకటైన పంపరపనస నుంచే. పంపరపనసల్లో ఇవి రకాన్ని బట్టి ఎక్కువా తక్కువా ఉంటాయి. మన చేతిలో ఉన్న కాయలో ఎంతో చూసి చెప్పలేం. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తోసెయ్యకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందుల మీద పంపరపనస ప్రభావం చూపినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది కూడా. కొలెస్టరాల్‌కి సిమ్వాస్టాటిన్ వేసుకునేవాళ్ళు, ఫెలోడిపిన్ వేసుకునేవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు రెండు పండ్లనీ ఒకే కంటితో చూడాలి. అన్ని మందులకీ ఇది వర్తించదు. రోసువాస్టాటిన్ లాంటివి ఈ ఎంజైమ్ జోలికి పెద్దగా పోవు. మీ చీటీ మీది పేరు చూపించి డాక్టర్నో ఫార్మసిస్టునో అడగండి. అడిగేటప్పుడు రెండు పండ్ల పేర్లూ చెప్పి అడగండి. ఈ ఒక్క విషయంలో 'ఏది మేలు' అన్న ప్రశ్నకి జవాబు: రెండూ కాదు.

తొక్క పారెయ్యనివాళ్ళకి ఒక మాట. చక్కెర పాకంలో వేసుకోవడానికి పంపరపనస దూది బాగుంటుంది, మందంగా ఉంటుంది కాబట్టి పాకం పీల్చుకుని ముక్క ముక్కగా నిలుస్తుంది. నీళ్ళు మార్చి మార్చి కనీసం మూడుసార్లు ఉడికించి పారబొయ్యకపోతే మాత్రం చేదు పోదు. మార్మలేడ్‌కి గ్రేప్‌ఫ్రూట్. అక్కడ చేదే కావాలి.

నిలవకి పంపరపనస. ఆ మందపాటి తొక్కే దానికి పెట్టె. వారాలు గడిచినా లోపల చెక్కుచెదరదు, పైన కాస్త ముడతలు పడితే తీపి తేలుతుంది కూడా. కాయ ఏరుకునేటప్పుడు పెద్దది చూసి మోసపోకండి. రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని, సైజుకి మించి బరువున్నది తీసుకోండి. తేలిగ్గా ఉన్న పెద్దకాయలో ఉండేది దూదే.

మిగతావాటి గురించీ అడుగుతున్నారు. ఓరోబ్లాంకో అని పులుపు లేని పంపరపనసకీ గ్రేప్‌ఫ్రూట్‌కీ పుట్టించిన రకం ఉంది, 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసింది. గింజలుండవు, తియ్యగా ఉంటుంది. దొరికితే తినండి, వెతుక్కుంటూ వెళ్ళేంత లేదు. మాదీఫలంలో తినడానికి తొక్క తప్ప ఏమీ ఉండదు. దబ్బకాయ పులుపుకి, అది వేరే కథ.

మరి నా ఎంపికేమిటంటే, ఇంట్లో ఒక్క పండుకే చోటుంటే పంపరపనస. సాయంత్రం నలుగురూ కూర్చుని ఒలుచుకోవడానికి తగ్గ పండు అది. గ్రేప్‌ఫ్రూట్ ఒక్కడికి సరిపోయే పండు, చెంచాతో తినేసి లేచిపోవచ్చు.

ఒలవగా వచ్చిన గింజలు పాతమంటారా అని కూడా అడుగుతారు. గ్రేప్‌ఫ్రూట్ గింజ పాతితే దాదాపుగా తల్లిచెట్టే మళ్ళీ వస్తుంది, దాని గింజలో తల్లి కణాల నుంచే పిండాలు తయారవుతాయి. పంపరపనస గింజలో పిండం ఒక్కటే, అదీ రెండు చెట్ల కలయిక. ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి పెంచాక ఏ కాయ కాస్తుందో చెట్టుకే తెలియాలి. కొమ్మకి అంటు కట్టిన మొక్కే పెట్టుకోండి. పైగా పంపరపనసల్లో చాలా రకాలకి తమ పుప్పొడి తమకి పనికిరాదు, గింజ కట్టాలంటే ఇంకో చెట్టు పుప్పొడి రావాల్సిందే. పోయిన వారం నేను ఒలిచిన కాయలో ముడతలు పడ్డ లావాటి గింజలు గుప్పెడు వచ్చాయి. ఆ చెట్టుకి దగ్గర్లోనే వేరే పంపరపనసో, నిమ్మో, ఏదో ఒకటి పూసి ఉండాలి.