టెక్సాస్‌లో కారు బీమా: చట్టం అడిగినంత చాలా, ఇంకొంత కావాలా?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో డాలస్ వచ్చి, పాత కామ్రీనో కరోలానో కొనుక్కునే విద్యార్థులు సాధారణంగా వెతికేది అన్నిటికన్నా చవకైన పాలసీనే. చట్టరీత్యా అది సరిపోతుంది. అయినా నేను దాన్ని తీసుకోమని చెప్పను. అలాగని అందరూ ఫుల్ కవరేజీకే వెళ్లాలనీ అనను.

టెక్సాస్ కనీస పాలసీని 30/60/25 అంటారు. మీ తప్పు వల్ల ప్రమాదం జరిగితే, గాయపడిన ఒక్కొక్కరికి 30,000 డాలర్లు, ఆ ప్రమాదంలో గాయపడిన వారందరికీ కలిపి 60,000, ఎదుటివారి కారుకో ప్రహరీకో కలిగిన నష్టానికి 25,000 వరకు బీమా కంపెనీ చెల్లిస్తుంది. ఎదుటివారి నష్టానికి చెల్లించే ఈ భాగాన్ని లయబిలిటీ అంటారు. మీ కారుకు, మీ చికిత్సకు ఇందులోంచి ఏమీ రాదు. ఇది కూడా లేకుండా మొదటిసారి పట్టుబడితే 175 నుంచి 350 డాలర్ల జరిమానా, మళ్లీ పట్టుబడితే 350 నుంచి 1,000 దాకా.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. భారతదేశంలో థర్డ్ పార్టీ పాలసీ ఉంటే చాలనుకోవడం అలవాటు. ఆ అలవాటుకు కారణం ఉంది: అక్కడ ప్రాణనష్టానికి, గాయాలకు ఆ పాలసీలో పరిమితి లేదు, ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని కంపెనీ చెల్లిస్తుంది. పరిమితి ఉన్నది ఆస్తినష్టానికి, 7.5 లక్షల రూపాయలు. టెక్సాస్‌లో మనిషికి కూడా పరిమితి ఉంది. ఎముక విరిగి, అంబులెన్స్‌లో తీసుకెళ్లి, ఆపరేషన్ చేయాల్సి వస్తే 30,000 డాలర్లు ఇట్టే కరిగిపోతాయి. మిగతా సొమ్ము కోసం బాధితుడు మీ మీద దావా వేయవచ్చు. కారు సంగతీ అంతే. 45,000 డాలర్ల కొత్త కారును మీరు పూర్తిగా పాడుచేస్తే, బీమా పోగా 20,000 మీ మెడకు చుట్టుకుంటుంది.

అందుకే 100/300/100 మేలంటాను. పరిమితి మూడు నుంచి ఐదు రెట్లు పెరిగినా ప్రీమియం అన్ని రెట్లు పెరగదు. ఎక్కువ క్లెయిములు చిన్న మొత్తాలవే కాబట్టి, పై మొత్తానికి కంపెనీ అదనంగా వసూలు చేసేది తక్కువే. ఒకే కంపెనీలో, ఒకే రోజున రెండింటికీ కోట్ అడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

దీనికి తోడు మరో రెండు ఉన్నాయి. మొదటిది పీఐపీ, అంటే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్. తప్పు ఎవరిదైనా మీకూ, మీ కారులో ఉన్నవారికీ వైద్య ఖర్చులు, పోయిన జీతంలో కొంత భాగం ఇస్తుంది. కనీసం 2,500 డాలర్లు. రెండోది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. మిమ్మల్ని గుద్దినవాడికి బీమా లేకపోయినా, అతని పరిమితి మీ నష్టానికి చాలకపోయినా ఆదుకుంటుంది. రోడ్డు మీద మీ పక్కన వెళ్లేవారిలో 30/60/25తో సరిపెట్టుకున్నవారు ఎందరో ఉంటారన్నది గుర్తుంచుకోవాలి. ఈ రెండింటినీ కంపెనీ ఇవ్వజూపి తీరాలి, వద్దనుకుంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ధర తగ్గించుకుంటూ పోయేటప్పుడు మీరు చేసే సంతకాల్లో ఈ నిరాకరణ కూడా ఉండవచ్చు, చదవకుండా సంతకం పెట్టకండి. ముఖ్యంగా ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి మీ కారులో తిరుగుతుంటే పీఐపీ తప్పకుండా ఉంచుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్‌కు దానివైన మినహాయింపులుంటాయి.

ఇక ఫుల్ కవరేజీ అంటే పైవాటికి కొలిజన్ (ఢీకొన్నప్పుడు మీ కారుకు కలిగే నష్టానికి), కాంప్రహెన్సివ్ (వడగళ్లు, వరద, దొంగతనం వంటివాటికి) కలపడం. అప్పు మీద కొన్న కారైతే వాటిని బ్యాంకే తప్పనిసరి చేస్తుంది, అక్కడ ఎంపిక లేదు. సొంత డబ్బుతో కొన్న పాత కారైతే లెక్క వేసుకోవాలి. కారు విలువ 4,000 డాలర్లు, డిడక్టబుల్ (నష్టంలో ముందుగా మీరే భరించాల్సిన మొత్తం) 1,000 అనుకోండి. కారు పూర్తిగా పోయినా చేతికి వచ్చేది 3,000. దానికోసం ఏటా కట్టే కొలిజన్ ప్రీమియం నాకు దండగ అనిపిస్తుంది. ఆ డబ్బును లయబిలిటీ పెంచడానికి పెట్టండి.

కాంప్రహెన్సివ్ విషయంలో మాత్రం తొందరపడకండి. వసంతంలో డాలస్, ప్లేనో, ఫ్రిస్కో వైపు వడగళ్లు పడితే అద్దాలు పగులుతాయి, బానెట్ సొట్టలు పోతుంది. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్‌లో మునిగిన కార్లకు పరిహారం ఇచ్చింది కూడా ఈ కవరేజీనే. దొంగతనమూ దీని కిందికే వస్తుంది. కొలిజన్ లేకుండా దీన్నొక్కదాన్నే ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. కారును షెడ్డులో పెట్టుకునే వీలు లేక ఆరుబయట నిలిపే అపార్ట్‌మెంట్ వాసులు దీని ధర విడిగా అడగాలి.

ఏ పాలసీ తీసుకున్నా, మీ కారును తరచూ నడిపే రూమ్మేట్ల పేర్లు అందులో చేర్పించండి. దాచిపెడితే క్లెయిమ్ వేళ కంపెనీ పేచీ పెట్టవచ్చు. సెలవులకు ఇండియా వెళ్తూ పాలసీని రద్దు చేసుకోవద్దు. మధ్యలో బీమా లేని కాలం కనబడితే తిరిగి వచ్చాక ప్రీమియం పెరుగుతుంది. కారు కదలని ఆ రోజుల్లో కవరేజీ తగ్గించే వీలుందేమో ఏజెంటును అడగండి.