గులాబీ రంగు రబ్బరు ఎర, కె.సి. కాలువ పక్క కొరమీను

ఏడు అంగుళాల పొడవు, కొట్టొచ్చినట్టు కనిపించే గులాబీ రంగు, పదింటి ప్యాకెట్టు 380 రూపాయలు. పార్సిల్ విప్పగానే మా ఆవిడ "దీన్ని వంటింట్లోకి తేవద్దు" అంది. మా బావమరిది అయితే చాలాసేపు నవ్వాడు. "గట్టున రెండు పెళ్లలు తవ్వితే వచ్చే ఎర్రలకు ఇంత డబ్బా బావా?" అన్నాడు. నాలుగు ఆదివారాలు వాడి చూశాను కాబట్టి వాడికి చెప్పాల్సిన జవాబు ఇక్కడే రాస్తున్నాను.

ఇవి నీటి మీద తేలే మెత్తటి ప్లాస్టిక్ వానపాములు. అమెరికాలో బాస్ అనే చేప కోసం తయారైన సరుకు. అక్కడ చలికాలం పోయి నీళ్లు 15 నుంచి 18 డిగ్రీల దాకా వేడెక్కినప్పుడు బాస్ గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి, మోకాలి లోతు నీటికి వస్తుంది. మగచేప గూటిని కాపలా కాస్తుంది. దాని నెత్తి మీదుగా పొడవాటిదేదైనా నెమ్మదిగా పాకితే ఓర్చుకోదు. వీటిని బరువు కట్టకుండా విసిరేది అందుకే. కర్నూల్లో బాస్ లేదు, మార్చి నెలలో మన నీళ్లకు ఆ డిగ్రీలూ లేవు. నేను కొన్నది కొరమీను కోసం. కె.సి. (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు ఆపేశాక పక్కన మిగిలే ఊటగుంటల్లో, తుంగ మొదళ్ల దగ్గర అది పొంచి ఉంటుంది. గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు దానికి. పైపైనే తేలే ఎరకు ఇంతకంటే తగిన చేప ఏముంటుంది?

నాది మోటార్ల వైండింగ్ పని. తీగ గేజి కాస్త మారితే మోటారు కాలిపోతుంది, అందుకే కవరు మీద రాసినదాన్ని కొలవకుండా నమ్మను. ముందు దుకాణంలోని బకెట్‌లో వేసి చూశాను. గాలం లేకుండా వేస్తే బెండులా తేలింది. ప్యాకెట్టుతో ఇచ్చిన గాలం గుచ్చి వేస్తే తల కిందికి పెట్టి బుడుంగున మునిగింది. తేలుతుందని రాసి, ముంచే గాలాన్ని జత చేసి పంపిన ఆ బుద్ధిమంతులెవరో నాకు తెలియదు. నా దగ్గరున్న సన్నటి 2/0 సైజు గాలం గుచ్చాక మాత్రం అడ్డంగా పడుకుని, ఆలోచిస్తున్నట్టుగా మెల్లగా దిగింది. కావలసింది అదే, బుడుంగున మునగకుండా పైపైనే కాసేపు ఉండటం. గాలి ఎక్కువగా ఉన్న రోజున విసిరినచోట పడదు, అప్పుడు గాలం కాడకు 22 గేజి రాగి తీగ ఐదారు చుట్లు చుడతాను.

ఇక రంగు సంగతి. గులాబీ రంగు వానపాము ఏ గుంటలోనూ ఉండదు, నిజమే. కానీ ఆ రంగు చేప కోసం కాదు, మనకోసం. పొద్దున ఏడింటికి ఎండ నీటి మీద పడి కళ్లు చెదిరేటప్పుడు, యాభై నాలుగేళ్ల వయసులో, అద్దాలు పెట్టుకుని కూడా తంగూసు నాకు కనబడదు. ఈ గులాబీ మాత్రం ఇరవై గజాల దూరంలోనూ కనబడుతుంది. రెండుసార్లు కర్ర కొన కదిపి ఆగుతాను, తోక వణికి ఆగుతుంది. అలా చూస్తుండగానే గులాబీ మాయమవుతుంది. చప్పుడు ఉండదు, నీళ్లు ఎగరవు. మనసులో రెండు లెక్కపెట్టి గట్టిగా లాగాలి. కొరమీను నోరు ఎముక, మెల్లగా లాగితే ముల్లు దిగదు. ఇంతకుముందు మట్టి రంగు ఎరలు వాడిన రోజుల్లో చేప పట్టిందో వదిలిందో తెలిసేలోపే అంతా అయిపోయేది. నేను 380 రూపాయలు పెట్టింది ఈ చూపు కోసమే అనుకుంటున్నాను.

ముల్లు కొనను ఎర ఒంట్లోకే దాచి గుచ్చితే తుంగలోనూ నాచులోనూ చిక్కుకోదు. ఒక్క జాగ్రత్త: వెనక్కి చుట్టేటప్పుడు ఎర గిరగిర తిరిగి తంగూసును మెలిపెడుతుంది. మొదటి ఆదివారం అరగంట చిక్కులు విప్పుతూ కూర్చున్నాను, బావమరిది పక్కనే రెండు జెల్లలు పట్టి చూపించాడు. ఎరకు మూరెడు పైన స్వివెల్ (తంగూసు మెలిపడకుండా తనే తిరిగే చిన్న లోహపు లంకె) కట్టాక ఆ బాధ తగ్గింది.

లెక్క చెప్పాలంటే, నాలుగు పొద్దుల్లో పదకొండుసార్లు పట్టాయి, ఒడ్డుకు వచ్చినవి మూడు. పెద్దది కిలో దాటింది. తోకలు తెగి ఆరు ఎరలు పోయాయి. కొరమీను పళ్లకు ఈ మెత్తదనం ఆగదు, కొంచెం గట్టి సరుకు అయితే ఇలా వణకదు. కూర కోసమే పోయేవాళ్లు ఎర్రలే తవ్వుకోండి. నేను మళ్లీ కొంటాను, గాలాలు లేని ప్యాకెట్టు దొరికితే.

కొన్నవాళ్లు వేరే పెట్టెలోకి మార్చకండి. నేను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఇలాంటివే తెల్ల రంగు ఎరలతో కలిపి పెడితే వారానికి డబ్బా అడుగు కరిగి జిగురైంది, తెల్లవన్నీ గులాబీ అయ్యాయి. వచ్చిన కవరులోనే, ఏ రంగుకు ఆ రంగు, నీడలో ఉంచాలి.

వానాకాలంలో వాడతారా అని దుకాణానికి వచ్చిన ఒకరిద్దరు అడిగారు. మన కొరమీను గుడ్లు పెట్టేది అప్పుడే. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి మీద తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఈ గులాబీది అటు విసిరితే తప్పకుండా పడతాయి, బాస్ పడినట్టే. పెద్దవి పోతే పిల్లల్ని మిగతా చేపలు ఒక్క పూటలో తినేస్తాయి. అందుకే మొదటి వాన పడగానే కవరు మడిచి, దుకాణంలో రాగి తీగ చుట్టల వెనక్కి పెట్టేస్తాను.