ఓఅహూలో టికెట్టు దారా, ఉచిత దారా? ఏది మేలు?

ఫ్లైటుకీ గదికీ ఎలాగూ డబ్బు వదులుతుంది, దాని గురించి ఏడ్చి లాభం లేదు. హవాయిలోని ఓఅహూ దీవిలో జేబు అసలు ఖాళీ అయ్యేది దిగిన మర్నాటి నుంచి. ఇక్కడ టికెట్టు పెట్టిన ప్రతి పేరున్న చోటుకీ దాదాపు ఒక ఉచిత జోడీ ఉంది. ఆ జోడీలన్నిట్లోనూ ఉచితమే గెలుస్తుందని నేను చెప్పను. ఒకచోట మాత్రం డబ్బు కట్టడమే తెలివైన పని.

ముందుగా బీచ్‌ల సంగతి, ఎందుకంటే అక్కడ పోటీయే లేదు. హవాయిలో బీచ్ ఎవరి సొంతమూ కాదు. అల ఎంత ఎత్తుకు ఎక్కి వస్తుందో అంతవరకూ ఇసుక ప్రజలది. రాత్రికి వందల డాలర్లు తీసుకునే హోటల్ ముందున్న ఇసుక మీద కూడా మీరు తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు. హోటల్ వాళ్ల కుర్చీలో కూర్చుంటే మాత్రం లేపుతారు.

ఇక కొండలు. అందరూ ఎక్కేది డైమండ్ హెడ్. ఈ రాష్ట్రం వాళ్లు కాకపోతే మనిషికి 5 డాలర్లు, కారుకి ఇంకో 10, పైగా 2022 నుంచి ముందే ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోవాలి. 1908లో సైన్యం వేసిన దారి అది. మలుపులు, చీకటి సొరంగం, మెట్లు దాటి 761 అడుగుల శిఖరం మీదికి చేరితే హోటళ్లన్నీ ఉండే వైకికీ తీరమంతా కాళ్ల కింద కనిపిస్తుంది. ఫొటో అద్భుతం, కాదనను. కానీ ఇరుకైన మెట్ల మీద ముందువాళ్ల వీపులు చూస్తూ ఎక్కాల్సిందే.

దీవి తూర్పు కొసన ఉన్న మకపూ దారికి టికెట్టు లేదు, బుకింగ్ లేదు, పార్కింగ్‌కి కూడా డబ్బు లేదు. రానూపోనూ 2 మైళ్లు, మొత్తం తారు రోడ్డు. పిల్లల్ని తోపుడుబండిలో తోసుకుంటూ కూడా ఎక్కేస్తారు. పైనుంచి 1909 నాటి ఎర్ర కప్పు లైట్‌హౌస్ కనిపిస్తుంది, లోపలికి మాత్రం వెళ్లనివ్వరు. అటు సముద్రంలో కుందేలు దీవి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్తే హంప్‌బ్యాక్ తిమింగలాలు నీళ్లు చిమ్ముతూ కనిపించవచ్చు. అదే తిమింగలాల కోసం ఊళ్లో పడవ ఎక్కితే ఎంత అడుగుతారో కనుక్కోండి! లోపం ఒక్కటే, దారిలో చెట్టు నీడ అన్నది లేదు. పొద్దున్న 7కి గేటు తీయగానే వెళ్లకపోతే రోడ్డు పెనంలా కాలుతుంది. రెండింట్లో ఒక్కటే ఎక్కే సమయముంటే నా ఓటు మకపూకే. కారు లేకపోతే మాత్రం డైమండ్ హెడ్ మేలు. వైకికీ నుంచి బస్సు చాలు.

అసలు తగువంతా నీళ్లలోనే. స్నార్కెలింగ్ (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ చేపల్ని చూడటం) అనగానే అందరూ హనౌమా బే అంటారు. బయటివాళ్లకి మనిషికి 25 డాలర్లు, 12 ఏళ్లు, ఆ లోపు పిల్లలకి టికెట్టు లేదు. సోమ, మంగళవారాలు మూసేస్తారు. ముందు వీడియో చూపించి గానీ దిగనివ్వరు. టికెట్లు రెండు రోజుల ముందు పొద్దున్న 7కి వదులుతారు, నిమిషాల్లో అయిపోతాయి. దానికి జోడీ ఉత్తర తీరంలోని షార్క్స్ కోవ్. పేరు చూసి భయపడక్కర్లేదు, సొరచేపల కోసం ఎవరూ అక్కడికి వెళ్లరు. అదీ హనౌమాలాగే ప్రభుత్వం కాపాడుతున్న సముద్ర జీవుల ప్రాంతమే. రాళ్ల మధ్య నీటి గుంటల్లో చేపలు నిండుగా ఉంటాయి, పైసా ఖర్చు లేదు.

అయితే ఇక్కడ కాలెండర్ చూడకుండా నిర్ణయించకండి. ఉత్తర తీరానికి వేసవిలో ఒక ముఖం, చలికాలంలో ఇంకో ముఖం. మే నుంచి సెప్టెంబరు దాకా చాలా రోజులు అద్దంలా ఉండే నీళ్లు, చలికాలంలో సర్ఫింగ్ పోటీలు పెట్టేంత అలలవుతాయి. అప్పుడు షార్క్స్ కోవ్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. హనౌమా అలా కాదు, దక్షిణం వైపు పాత అగ్నిపర్వత బిలంలో ఒదిగి ఉంది, కాపలా కాసే లైఫ్‌గార్డులు ఉంటారు. కాబట్టి డిసెంబరు సెలవుల్లో ఈత అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ 25 డాలర్లు కళ్లు మూసుకుని కట్టేయండి. వేసవి అయితే షార్క్స్ కోవ్‌కే పోండి, రాళ్ల మీద పాదాలు కోసుకోకుండా రబ్బరు బూట్లు వేసుకోండి. మాస్కు ఇంటి నుంచే తెచ్చుకోండి, అక్కడ అద్దెకి తీసుకుంటే ఉచితం అన్న మాటకి అర్థమే ఉండదు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్‌లని పగడాలు దెబ్బతినకుండా 2021 నుంచి హవాయిలో అమ్మడం లేదు. ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లు కూడా డబ్బా వెనక చదివి తెచ్చుకోండి.

హవాయి సంప్రదాయ విందు లూఔ సంగతి తేలిగ్గా తేలిపోతుంది. మనిషికి 100 డాలర్లు దాటే ఆ టికెట్టులో పెద్ద భాగం భోజనానిదే, అందులోనూ ముఖ్యమైనది నేలలో తవ్విన గోతిపొయ్యిలో కాల్చిన పంది. శాకాహారులకి అక్కడ దండగ. వైకికీలోని కుహియో బీచ్‌లో వారంలో కొన్ని సాయంత్రాలు కాగడాలు వెలిగించి, శంఖం ఊది హవాయి వాళ్ల హులా నాట్యం ఆడతారు, గడ్డి మీద కూర్చుని చూడొచ్చు. ఏయే రోజులో వెళ్లేముందు చూసుకోండి.

చివరిగా పర్ల్ హార్బర్. ఇక్కడ ఉచితమైనదే అసలైనది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 డిసెంబరు 7న జపాన్ దాడిలో ఇక్కడ మునిగిన అమెరికా యుద్ధనౌక అరిజోనాతో పాటు 1,177 మంది పోయారు. ఆ నౌక మీద కట్టిన స్మారకానికి పడవలో తీసుకెళ్తారు, బుకింగ్ రుసుము 1 డాలరు. నీళ్ల మీద ఇప్పటికీ నూనె చుక్కలు తేలుతుంటాయి. పక్కనే లంగరేసిన మిస్సోరీ నౌకకి వేరే టికెట్టు. జపాన్ లొంగుబాటు పత్రం మీద 1945 సెప్టెంబరు 2న సంతకాలు జరిగింది దాని మీదే. యుద్ధ చరిత్ర పిచ్చి ఉంటే ఆ టికెట్టూ కొనండి, లేదంటే అరిజోనా, ఒడ్డున ఉన్న ఉచిత మ్యూజియం గదులు చాలు. సంచులు లోపలికి రానివ్వరు, దాచడానికీ, పార్కింగ్‌కీ డబ్బు తీసుకుంటారు. పర్సూ ఫోనూ జేబులో వేసుకుని బస్సులో వెళ్లండి.