అమాల్ఫీలో సన్‌సెట్ సెయిలింగ్ బుక్ చేసేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

జూన్ ఆఖర్లో అమ్మానాన్నల్ని తీసుకుని మ్యూనిక్ నుంచి ఇటలీ వెళ్ళాం అండీ, అమాల్ఫీలో సాయంత్రం మూడు గంటలసేపు సెయిలింగ్ అని మనిషికి 90 యూరోలు, నలుగురికి 360. 100 ఆన్‌లైన్‌లో కట్టించుకుని మిగతా 260 రేవులో క్యాషే ఇవ్వాలన్నారు, రసీదు అడిగితే తర్వాత పంపిస్తాం అన్నారు, ఇప్పటిదాకా రాలేదు. అక్కడే వెనక్కి తిరగాల్సింది, బుద్ధి తక్కువై ఎక్కాం.

బుక్ చేసేటప్పుడు చూపించిన ఫొటోలో రెండు తెల్ల తెరచాపలు, సముద్రంలోకి దిగుతున్న సూర్యుడు. వచ్చింది మాత్రం మామూలు మోటార్ బోటు. తెరచాప ఏదయ్యా అని బోటు నడిపే స్కిప్పర్‌ని అడిగితే ఇవాళ గాలి లేదంటాడు, గాలి సంగతి సరే, చాప కట్టడానికి కొయ్య ఉండాలి కదా! సాయంత్రం గాలి పడిపోతే నిజం సెయిల్ బోటు కూడా ఇంజన్ మీదే నడుపుతారు, దాన్ని నేను తప్పనను.

జనాన్ని లెక్కపెడితే స్కిప్పర్ కాక 15 మందిమి, ఇటలీలో ఇలా అద్దెకి తిప్పే చిన్న బోట్లో 12 మందికి మించి ప్యాసింజర్లు ఉండకూడదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదారిలో బోటు మునిగినప్పట్నుంచి అమ్మ ఎక్కడ బోటెక్కినా ముందు లైఫ్ జాకెట్ ఎక్కడా అంటుంది, ఇక్కడ అవి సీటు కింద పెట్టెలో, పెట్టెకి తాళం. తాళంచెవి తెప్పించేదాకా ఆవిడ కూర్చోలేదు.

వెజిటేరియన్ అని ముందే మెసేజ్ పెట్టాం, అయినా హామ్ (పంది మాంసం) వేసిన బ్రెడ్ ముక్కలు తెచ్చారు, మాకు ఆలివ్‌లూ చిప్సూ. "పాపికొండల లాంచీలో ఇంతకంటే మంచి భోజనం పెట్టారురా" అని నాన్న.

పొసితానో ఎదురుగా ఉండే లీ గల్లీ దీవులదాకా తీసుకెళ్తాం అన్నారు, దారిలో వచ్చే ప్రయానో ఊరు కూడా దాటకుండా ఏడుంపావుకే వెనక్కి తిప్పేశారు. ఆ రోజుల్లో అక్కడ సూర్యాస్తమయం ఎనిమిదిన్నర దాటాక! ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, జూన్‌లో సూర్యుడు వాయవ్యంగా దిగుతాడు, అటు లత్తారి కొండలు అడ్డం, కాబట్టి తీరం పక్కనే తిరిగే బోట్లోంచి ఆ ఫొటోలోలాగా నీళ్ళలో మునిగే సూర్యుడు కనిపించడు. ఫురోరే దగ్గర కొండ చీలిక మీద వంతెన మాత్రం చాలా బాగుంది, అదొక్కటే మిగిలింది.

గొడవపడితే కండిషన్లు చూపించారు, "లేదా దానికి సమానమైన బోటు" అని చిన్నక్షరాల్లో ఉంది. అందుకే బుక్ చేసేముందు బోటు పేరు, ఎంతమందిని ఎక్కిస్తారు, ఎన్నింటికి తిరిగి రేవుకి వస్తుంది, ఇవి మెసేజ్‌లో రాయించుకోండి, రాయనంటే వదిలేయండి. డబ్బు మొత్తం కార్డు మీదే కట్టండి. ఆ 100 కోసం బ్యాంకులో కంప్లైంట్ పెట్టా, మూడు వారాలైంది, చూస్తున్నాం అంటున్నారు. క్యాష్ ఇచ్చిన 260 మాత్రం పోయినట్టే.