స్టెప్నీ: అదే సైజా, వేరే సైజా?

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మిగతా నాలుగింటి సైజు స్టెప్నీయే ఉంటే టెన్షన్ లేదు. బిగించి వెళ్లిపోవచ్చు. కాకపోతే బరువు, ఖర్చు ఎక్కువ. పైగా ఏళ్ల తరబడి వాడకుండా ఉంచితే అరిగిన వాటి పక్కన అదీ కాస్త పెద్దదే అవుతుంది. అందుకే టైర్ల చోట్లు అటూ ఇటూ మార్చేటప్పుడు స్టెప్నీనీ వంతులో కలపడం మంచిది.

వేరే సైజుతోనే అసలు చిక్కు. 265/65 ఆర్17 టైరు కిలోమీటరుకు సుమారు 410 సార్లు తిరుగుతుంది, 225/65 ఆర్17 దాదాపు 440 సార్లు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండిలో ఈ తేడాను మధ్యలోని డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) లేదా క్లచ్ ఆగకుండా మోయాలి. అది వేడెక్కి పాడైతే టైరు మీద మిగిలిన డబ్బు ఏ మూలకూ చాలదు.

లివర్‌తో ఫోర్ వీల్ వేసే బండి కాస్త నయం. వెనక పంక్చరైతే ముందు టైరొకటి వెనక్కి వేసి, స్టెప్నీని ముందు బిగించి, 2హెచ్‌లోనే (వెనక రెండు చక్రాలకే పవర్ వెళ్లే మోడ్) మెల్లగా పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు. చీకట్లో రెండుసార్లు జాకీ ఎత్తడం విసుగే. అయినా 4హెచ్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే మోడ్) జోలికి మాత్రం వెళ్లకండి.

నేనైతే డిక్కీలో చోటు పోయినా అదే సైజు పెట్టుకుంటాను.