మెంఫిస్ సెయింట్ జూడ్ మారథాన్: విరాళాలు సేకరిస్తూ రెండుసార్లు పరుగెత్తాక నా సమీక్ష

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో, మెంఫిస్ నగరంలో డిసెంబరు మొదటి శనివారం జరిగే సెయింట్ జూడ్ మారథాన్‌లో నేను 2019లో ఒకసారి, 2022లో మరొకసారి, అక్కడి సెయింట్ జూడ్ చిన్నపిల్లల పరిశోధనాసుపత్రికి విరాళాలు సేకరిస్తూ పాల్గొన్నాను. డాలస్‌లో మాతోపాటు పరుగెత్తే తెలుగువాళ్ళు దీని గురించి తరచూ అడుగుతుంటారు కనుక వివరంగా రాస్తున్నాను. తమ పాత సమయాన్ని నాలుగు నిమిషాలైనా తగ్గించుకోవాలన్నదే లక్ష్యమైతే, ఎగుడుదిగుళ్ళు లేని దారులున్న ఊళ్ళు వేరే ఉన్నాయి. అడిగి తెచ్చిన డబ్బు ఎవరికి చేరుతుందో కళ్ళారా చూడాలనుకునేవారికి మాత్రం నేను పాల్గొన్న పరుగుల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

లెబనాన్ మూలాలున్న వినోద కళాకారుడు డానీ థామస్ పూనికతో ఈ ఆసుపత్రి 1962లో తెరుచుకుంది. నిధులు సేకరించే అల్సాక్ అనే సంస్థ అంతకు ఐదేళ్ళ ముందే, 1957లో ఏర్పడింది. ఇక్కడ చికిత్స పొందే పిల్లల కుటుంబాలకు వైద్యానికి గానీ, ప్రయాణానికి గానీ, బసకూ భోజనానికీ గానీ బిల్లు రాదు. ఆ ఖర్చులో అధికభాగాన్ని మామూలు జనం ఇచ్చే విరాళాలే భరిస్తున్నాయి.

విరాళాల సేకరణకు పేరు నమోదు చేసుకున్నవారికి సొంత పేజీ ఒకటి ఏర్పడుతుంది. దాతలు నేరుగా అక్కడే చెల్లించవచ్చు, రసీదు వారికే వెళుతుంది, మన చేతిలో ఒక్క డాలరు కూడా నిలవదు. బంధుమిత్రుల డబ్బు విషయంలో ఇది ఎంత నిశ్చింతనిస్తుందో ఊరి ఉత్సవాలకు చందాలు వసూలు చేసినవారికి తెలుస్తుంది. అమెరికాలో ఉన్న దాతలకు పన్ను మినహాయింపు వర్తిస్తుంది, భారతదేశం నుంచి పంపేవారికి అక్కడి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. నేను మొదట అందరికీ కలిపి ఒకే సందేశం పంపి ఊరుకున్నాను, రెండు వారాలు గడిచినా పలికినవారు లేరు. ఆ తరువాత ఒక్కొక్కరికీ ఫోను చేయడం మొదలుపెట్టాను. గుంటూరులో ఉన్న మా బాబాయి నేరుగా అడిగారు: "హైదరాబాదులో ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ముందు మన పిల్లలు పడిగాపులు కాస్తుంటే, ఆ డబ్బు అమెరికాకు ఎందుకురా?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుక్కున్నాకే నేను ఎందుకు పరుగెత్తుతున్నానో నాకు పూర్తిగా తెలిసింది.

ఆసుపత్రి తెరిచిన నాటికి, పిల్లల్లో ఎక్కువగా కనిపించే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్తక్యాన్సరు నుంచి నూటికి నలుగురు మాత్రమే బయటపడేవారు, ఇప్పుడక్కడ ఆ సంఖ్య 94. తొలి డైరెక్టర్ డోనాల్డ్ పింకెల్ బృందం ఒక మందు పనిచేయకపోతే మరొకటి వాడే పాత పద్ధతిని విడిచి, అనేక మందులను కలిపి ఇవ్వడమే కాక, మెదడులోనూ వెన్నుపాములోనూ దాగే వ్యాధికణాలకు కూడా చికిత్స చేయడంతో ఈ మార్పుకు పునాది పడింది. ఆ మందుల్లో ఒకటైన విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చినదే. అక్కడ తేలిన ఫలితాలు అక్కడే ఉండిపోవు, ఇతర దేశాల వైద్యులకూ ఉచితంగా అందుతాయి. సంపన్న దేశాల్లో క్యాన్సరు వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతుంటే, అనేక పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఈ ఆసుపత్రితో కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం, 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మందిని బతికించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇదంతా విన్న బాబాయి ఎమ్.ఎన్.జె.కి కొంత, నా పేజీకి కొంత పంపారు. నిజానికి ఆయన చేసినదే సరైన పని అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక పరుగు. బీల్ వీధి సంగీతం దాటిన తరువాత, మొదటి భాగంలోనే దారి ఆసుపత్రి ఆవరణలోకి మళ్ళుతుంది. అక్కడ చికిత్స పొందుతున్న పిల్లలు, వారి తల్లిదండ్రులు, సిబ్బంది రోడ్డుకు ఇరువైపులా నిలబడతారు. జుట్టు రాలిపోయిన తలకు ఉన్నిటోపీ పెట్టుకుని, తన ఎత్తుకు మించిన అట్టముక్క పట్టుకుని ఒక పాప చెయ్యి చాపితే, ఆ చేతిని తాకి ముందుకు సాగుతూ నేను గడియారం చూడడం మానేశాను. అక్కడ నడిచినా నష్టం లేదు, ఆగినా నష్టం లేదు. ఓవర్టన్ పార్కు వైపు వెళ్ళేటప్పటికి ఎత్తుపల్లాలు కాళ్ళకు తెలుస్తాయి, సగం మారథాన్ వారు విడిపోయాక దారిలో జనం పలచబడతారు. డాలస్ చుట్టుపక్కల చదును దారుల్లోనే సాధన చేసేవారు వారానికి ఒకసారైనా ఎత్తుల మీద పరుగెత్తి రావాలి.

బస విషయంలో ఒక హెచ్చరిక. మొదటిసారి నేను దిగిన హోటల్లో పరుగు రోజు ఉదయం అల్పాహారం త్వరగా పెడతామని చెప్పి, తీరా ఆ వేళకు తలుపులు తెరవలేదు. రెండోసారి అటుకులు, అరటిపళ్ళు, నిమ్మరసంలో కలుపుకోవడానికి ఉప్పూ చక్కెరా ఇంటి నుంచే తీసుకువెళ్ళాను. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది కనుక, విడిచిపెట్టినా బాధ లేని పాత స్వెట్టరు ఒకటి వేసుకోవాలి. 2013లో మంచు తుఫాను వల్ల ఈ పరుగు రద్దయిన సందర్భమూ ఉంది.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, ఇంతకుముందు పరుగెత్తనివారిలో అందరికీ నాలుగైదు నెలల సాధనతో అది చేతికందకపోవచ్చు. వారికి 5, 10 కిలోమీటర్ల పరుగులు ఉన్నాయి, విరాళాల పేజీ వాటికీ ఉంటుంది. పేరు నమోదు చేసుకున్న రోజునే మొదటి ఫోను చేయండి, నవంబరు దాకా ఆగవద్దు.